పరమాణువుకి కుడి ఎడమలు తెలుసా? బిస్మత్ తగాదా చరిత్ర



మన గ్రూపులో ఇంటర్ ఎంపీసీ చదివే తమ్ముడొకడు ఒక ప్రశ్న పెట్టాడు. విశ్వం ఏ నియమాల మీద నడుస్తుందో తెలుసుకోవాలంటే జెనీవా దగ్గర ఉన్నట్టు 27 కిలోమీటర్ల యంత్రం ఉండాల్సిందేనా అన్నా, మామూలు ల్యాబులో కుదరదా అని. కింద చాలామంది కుదరదనే రాశారు. కానీ కుదిరింది. ఆ కథే ఈ పోస్టు. కాస్త పెద్దది, తిండి తిని తీరిగ్గా చదవండి. ఒక గదిలో పట్టే పరికరాలతో మూడు ఊళ్ళలో మూడు బృందాలు ఒకే కొలత కొలిచాయి. రెండు ఊళ్ళవాళ్ళు లేదన్నారు, మూడో ఊరివాళ్ళు ఉందన్నారు. ఆ మధ్యకాలంలో ఒక పెద్ద సిద్ధాంతం ప్రాణం దాదాపు గాల్లో వేలాడింది.

ముందు అద్దం సంగతి చెప్పుకోవాలి.

దుంపలు తవ్వడానికి అడవికి వెళ్ళినవాళ్ళకి తీగల సంగతి తెలుసు. పెండలం లాంటి దుంపల తీగలు కొన్ని కర్ర చుట్టూ ఒక దిక్కుగా చుట్టుకుంటూ పాకుతాయి, కొన్ని రకాలు దానికి ఎదురు దిక్కుగా పాకుతాయి. వృక్షశాస్త్రం వాళ్ళు కూడా ఏది ఏ రకమో చెప్పడానికి తీగ ఎటు చుట్టుకుందో చూస్తారు. ఇప్పుడు కుడికి చుట్టుకున్న తీగ పక్కన ఒక అద్దం పెట్టండి. అద్దంలో అది ఎడమకి చుట్టుకున్నట్టు కనిపిస్తుంది. అయినా అది చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. అలాంటి తీగ కూడా అడవిలో ఎక్కడో మొలవగలదు కదా. 1956 దాకా భౌతికశాస్త్రం వాళ్ళు ప్రకృతి మొత్తం ఇంతే అనుకున్నారు. ఏ సంఘటనైనా తీసుకోండి, అద్దంలో కనిపించే దాని ప్రతిబింబం కూడా నిజంగా జరగగల సంఘటనే. వస్తువులకి కుడి ఎడమలు ఉండొచ్చు గానీ నియమాలకి ఉండవు. దీనికి పారిటీ నియమం అని పేరు. ఎవరూ అన్ని బలాల విషయంలో పరీక్షించి చూసింది కాదు, అందరికీ అంత సహజంగా తోచింది.

ఆ ఏడాది అమెరికాలో ఉన్న ఇద్దరు చైనా యువకులు, త్సుంగ్ దావ్ లీ, చెన్ నింగ్ యాంగ్, పాత ప్రయోగాలన్నీ తిరగేసి ఒక మాట అన్నారు. గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం, కేంద్రకాన్ని పట్టి ఉంచే బలమైన బలం ఇవి సరే. నాలుగోది, బీటా క్షయానికి కారణమైన బలహీన బలం విషయంలో ఈ నియమం నిజమో కాదో ఎవరూ చూడనే లేదు కదా అన్నారు. చూసింది చీన్ షియుంగ్ వు. షాంఘై దగ్గర ఒక చిన్న ఊళ్ళో, ఆడపిల్లల కోసం వాళ్ళ నాన్న పెట్టిన బడిలో అక్షరాలు దిద్దిన మనిషి. అప్పటికి కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉంది. కోబాల్ట్-60 కేంద్రకాలను పరమ శూన్య ఉష్ణోగ్రతకి డిగ్రీలో వందో వంతు దగ్గరికి చల్లబరిచి, అన్నీ ఒకే వైపు తిరిగేలా వరసలో నిలబెట్టింది. బొంగరాలు అనుకోండి. బొంగరం పక్కన అద్దం పెడితే ప్రతిబింబం ఎదురు దిక్కుగా తిరుగుతుంది, కానీ పైన పైనే ఉంటుంది, కింద కిందే ఉంటుంది. పారిటీ నియమం నిజమైతే ఈ బొంగరాల నుంచి ఎలక్ట్రాన్లు పైకీ కిందికీ సమానంగా రావాలి. రాలేదు. ఒక వైపుకే ఎక్కువ వచ్చాయి. అంటే అద్దంలో కనిపించే ప్రయోగం మన ప్రపంచంలో జరగదు. 1957 జనవరిలో ఈ వార్త బయటికొచ్చింది. అదే ఏడాది నోబెల్ లీకీ యాంగ్‌కీ ఇచ్చారు. వుకి ఇవ్వలేదు. దీని గురించి విడిగా ఒక పోస్టే రాయొచ్చు, ఇప్పుడు ముందుకి పోదాం.

వు చూసింది కేంద్రకం పగిలే సంఘటన. మరి పగలకుండా స్థిరంగా ఉన్న మామూలు పరమాణువు సంగతి ఏంటి? మన చేతిలో ఉన్న చెంబులోని రాగి పరమాణువుకి కుడి ఎడమలు తెలుసా? ఈ ప్రశ్నని 1959లో సోవియట్ శాస్త్రవేత్త యాకొవ్ జెల్డోవిచ్ అడిగాడు. ఎలక్ట్రాన్‌కీ కేంద్రకానికీ మధ్య విద్యుత్ ఆకర్షణతో పాటు, అటూ ఇటూ విద్యుదావేశం మారకుండా పనిచేసే ఒక రకం బలహీన బలం కూడా ఉంటే, పరమాణువులో కొంచెం వంకర రావాలి కదా అని. లెక్క వేసి చూస్తే అది ఎవరూ కొలవలేనంత చిన్నదిగా తేలింది. మాట అక్కడితో ఆగిపోయింది.

తర్వాత పదేళ్ళలో విషయం మారింది. షెల్డన్ గ్లాషో, స్టీవెన్ వైన్‌బర్గ్, అబ్దుస్ సలాం, ముగ్గురూ వేరువేరుగా చేసిన పని కలిసి ఒక సిద్ధాంతమైంది. విద్యుదయస్కాంత బలమూ బలహీన బలమూ లోపల ఒకటే అనేది దాని సారం. సలాం ఇప్పటి పాకిస్తాన్‌లోని జంగ్ పట్టణంలో పెరిగినవాడు, మన ఉపఖండం మనిషే. ఆ సిద్ధాంతం ప్రకారం జెల్డోవిచ్ ఊహించిన లాంటి బలం ఉండి తీరాలి. దాన్ని మోసే కణానికి జెడ్ అని పేరు పెట్టారు. 1973లో జెనీవా దగ్గరి సెర్న్‌లో న్యూట్రినోలతో చేసిన గార్గమెల్ ప్రయోగంలో ఆ బలం జాడ దొరికింది కూడా. అయితే అది న్యూట్రినోల సంగతి. ఎలక్ట్రాన్ల దగ్గర ఆ బలం అద్దం నియమాన్ని సిద్ధాంతం చెప్పినట్టే తప్పుతుందా లేదా అన్నది తేలలేదు. సిద్ధాంతానికి అదే అసలు పరీక్ష.

ఇక్కడ పారిస్ వస్తుంది. ఎకోల్ నార్మాల్ సుపీరియర్‌లో పనిచేసే మారీ ఆన్ బూషియా, క్లోద్ బూషియా భార్యాభర్తలు. ఆమెది ప్రయోగం, ఆయనది సిద్ధాంతం. 1974లో వాళ్ళిద్దరూ కలిసి జెల్డోవిచ్ వదిలేసిన లెక్కని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. వాళ్ళు చూసింది ఇది. జెడ్ చాలా బరువైన కణం, ప్రోటాన్ కంటే దాదాపు 97 రెట్లు. బరువెక్కువ కాబట్టి దాని పలుకుబడి ఎక్కువ దూరం పోదు, ఎలక్ట్రాన్ కేంద్రకం లోపలికి దూరినప్పుడు మాత్రమే తగులుతుంది. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ అలా దూరేది బహు తక్కువ. కానీ బరువైన పరమాణువులో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. కేంద్రకంలో ప్రోటాన్లు ఎక్కువ కాబట్టి ఎలక్ట్రాన్‌ని గట్టిగా దగ్గరికి లాగుతుంది. దగ్గరికొచ్చిన ఎలక్ట్రాన్ చాలా వేగంగా తిరుగుతుంది. దానికి తోడు లోపల న్యూట్రాన్ల సంఖ్య కూడా పెరుగుతుంది, జెడ్ బలం ముఖ్యంగా తగిలేది న్యూట్రాన్లకే. ఈ మూడూ గుణించుకుంటే ఫలితం పరమాణు సంఖ్య ఘనానికి తగ్గట్టు, నిజానికి ఇంకొంచెం ఎక్కువగానే పెరుగుతుంది. సీజియం పరమాణు సంఖ్య 55. మూడుసార్లు గుణించి చూడండి, లక్షా అరవై ఆరు వేలు దాటుతుంది. బిస్మత్‌ది 83, అయిదు లక్షల డెబ్బై వేలు దాటుతుంది. జెల్డోవిచ్ కొలవలేమన్నది ఇక కొలవగలిగే దూరంలోకి వచ్చింది. నా లెక్కలో ఈ కథ మొత్తంలో అన్నిటికంటే అందమైన అడుగు ఇదే. యంత్రాన్ని పెద్దది చేయలేదు, సరైన పరమాణువుని ఎంచుకున్నారంతే.

బూషియాలు సీజియం తీసుకున్నారు. దాని సంగతి తర్వాత. మిగతావాళ్ళు బిస్మత్ మీద పడ్డారు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో పాట్రిక్ సాండర్స్ బృందం, అమెరికాలో సియాటిల్ నగరంలో నార్వాల్ ఫోర్ట్‌సన్ బృందం, సైబీరియాలో నోవోసిబిర్స్క్ దగ్గర లెవ్ బార్కోవ్, మాక్స్ జొలొతొర్యోవ్. ఈ మూడో జట్టుకి లెక్కలు కట్టి దారి చూపింది అక్కడే ఉన్న ఇయోసిఫ్ ఖ్రిప్లోవిచ్.

ప్రయోగం వినడానికి సులువే. బిస్మత్‌ని కమ్మరి కొలిమి కంటే తీసిపోని వేడిలో, వెయ్యి డిగ్రీలు దాటించి ఆవిరి చేస్తారు. ఒకే తలంలో కంపించే కాంతిని, ధ్రువిత కాంతి అని మన పుస్తకాల్లో ఉంటుంది చూడండి, లేజర్ నుంచి ఆ ఆవిరి గుండా పంపుతారు. పరమాణువుకి కుడి ఎడమలు తెలియకపోతే కాంతి తలం అలాగే బయటికి వస్తుంది. తెలిస్తే కొంచెం మెలి తిరుగుతుంది. ఎంత? రేడియన్‌లో కోటో వంతు స్థాయిలో. అది ఎంతో ఊహకి అందాలంటే ఇలా అనుకోండి. పది కిలోమీటర్ల పొడవున్న ఒక కర్ర ఉంది. ఈ చివర మీరు పట్టుకున్నారు. ఆ చివర ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగింది. ఈ చివర ఎంత కోణం తిరిగిందో అంత.

చిన్నదైతే అయింది, కొలవొచ్చు అనుకుంటే అసలు కష్టం ఇంకోటి. కాంతి తలాన్ని తిప్పేవి ఇంకా చాలా ఉన్నాయి. కొంచెం అయస్కాంత క్షేత్రం ఉంటే చాలు, ఫారడే భ్రమణం అనేది వచ్చి మనకి కావలసిన దాన్ని మింగేస్తుంది. భూమికి ఎలాగూ అయస్కాంత క్షేత్రం ఉంది, కొలిమికి కరెంటు ఇచ్చే తీగలకీ ఉంది. కటకాల మీద, గాజు కిటికీల మీద కాంతి అటూ ఇటూ తగిలి వచ్చే చిల్లర తేడాలున్నాయి. ఆవిరిలో బిస్మత్ జంట అణువులు కూడా ఉంటాయి, అవి కాంతిని వాటిష్టం వచ్చినట్టు మింగుతాయి. వీటిలోంచి అసలు సంకేతాన్ని ఎలా ఏరుతారంటే, లేజర్ తరంగదైర్ఘ్యాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే పారిటీ వల్ల వచ్చే భ్రమణం ఒక ఆకారంలో మారుతుంది, అయస్కాంతం వల్ల వచ్చేది ఇంకో ఆకారంలో మారుతుంది. వడ్లలో రాళ్ళు ఏరినట్టు ఆకారాన్ని బట్టి విడదీయాలి. 1970ల్లో అలా మార్చగలిగే లేజర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఎప్పుడు ఏ తరంగదైర్ఘ్యానికి దూకుతాయో తెలియదు.

1976 డిసెంబర్లో ఆక్స్‌ఫర్డ్, సియాటిల్ వాళ్ళు కలిసి నేచర్ పత్రికలో తొలి ఫలితం వేశారు. సిద్ధాంతం చెప్పినంత భ్రమణం కనిపించడం లేదన్నారు. 1977లో మరింత జాగ్రత్తగా కొలిచి విడివిడిగా రెండు పత్రాలు వేశారు. ఒకరు వాడిన కాంతి తరంగదైర్ఘ్యం 648 నానోమీటర్లు, ఇంకొకరిది 876. పరికరాలు వేరు, ఊళ్ళు వేరు, జవాబు ఒకటే, దాదాపు సున్నా. ఇద్దరివీ పేరున్న ల్యాబులు. వాళ్ళు తొందరపడే మనుషులూ కాదు.

ఇది ఎంత పెద్ద దెబ్బో ఊహించండి. విశ్వంలోని రెండు బలాలు ఒకటే అని చెప్పే సిద్ధాంతం, పదేళ్ళ శ్రమ, ఒక గదిలో కొలిమి పెట్టుకుని కొలిచినవాళ్ళ ముందు తల దించుకోవాల్సిన పరిస్థితి. సిద్ధాంతకారులు చాలామంది వెంటనే మార్పులు మొదలుపెట్టారు. ఎలక్ట్రాన్ దగ్గర మాత్రం అద్దం నియమం నిలబడేలా కొత్త నమూనాలు అల్లారు. కొందరికి ఆ నమూనాలు అతుకుల బొంతలా అనిపించాయి గానీ, ప్రయోగం లేదన్నప్పుడు ఏం చేస్తారు?

1978 మొదట్లో నోవోసిబిర్స్క్ నుంచి చిన్న పత్రం ఒకటి వచ్చింది. బార్కోవ్, జొలొతొర్యోవ్ ఇద్దరి పేర్లు. అదే బిస్మత్, ఆక్స్‌ఫర్డ్ వాడిన అదే 648 నానోమీటర్ల గీత. భ్రమణం ఉంది, దిశ సిద్ధాంతం చెప్పిన వైపే, పరిమాణం కూడా దానికి తగ్గట్టే ఉంది.

నోవోసిబిర్స్క్ పక్కన అకాడెమ్‌గొరొదొక్ అని అడవి మధ్యలో 1957 నుంచి కట్టిన శాస్త్రవేత్తల ఊరు ఉంది. అక్కడి అణు భౌతికశాస్త్ర సంస్థకి కణాలని ఎదురెదురుగా ఢీకొట్టించే యంత్రాల్లో మంచి పేరుంది. కానీ బిస్మత్ ప్రయోగం ఆ సంస్థలో ఒక మూలన జరిగిన చిన్న పని. అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. సోవియట్ ల్యాబు లోపల ఏం జరిగిందో పశ్చిమ దేశాల వాళ్ళు వెళ్ళి చూడటం తేలిక కాదు. వచ్చిన పత్రం క్లుప్తంగా ఉంది, వివరాలు తక్కువ. అందుకని చాలామంది ఎటూ చెప్పకుండా ఊరుకున్నారు. ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఒక మాటకి బరువు కట్టడం మనకి కొత్త సంగతేం కాదు. అయితే ఇక్కడ ఒక్కటి న్యాయంగా ఒప్పుకోవాలి. వాళ్ళు అనుమానించింది ఊరిని మాత్రమే కాదు. రెండు మంచి ల్యాబులు సున్నా అన్న చోట మూడోది ఉందంటే, ఎవరైనా సరే ఇంకా రుజువు అడుగుతారు. పైగా మాస్కోలోనే ఉన్న మరో బృందం కూడా తర్వాత రోజుల్లో మొదట చాలా చిన్న విలువే చెప్పింది. అంటే గొడవ తూర్పుకీ పడమరకీ మధ్య మాత్రమే కాదన్నమాట.

తగాదా తీర్చింది ఎవరంటే, తమ్ముడి ప్రశ్నకి సగం ఎదురు జవాబు అవుతుంది గానీ, ఒక పెద్ద యంత్రమే. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ దగ్గర మూడు కిలోమీటర్లకి పైగా పొడవున్న ఎలక్ట్రాన్ త్వరణి ఉంది. చార్లెస్ ప్రెస్కాట్ బృందం అక్కడ కుడి చేతివాటం ఎలక్ట్రాన్లనీ ఎడమ చేతివాటం ఎలక్ట్రాన్లనీ మార్చి మార్చి డ్యుటీరియం మీదికి కొట్టారు. పదివేలలో ఒక వంతు స్థాయిలో తేడా కనిపించింది, అది సిద్ధాంతంతో సరిపోయింది. 1978 వేసవిలో ఆ ఫలితం వచ్చాక ఎక్కువమంది మనసు కుదుటపడింది. 1979లో గ్లాషో, సలాం, వైన్‌బర్గ్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. జెడ్ కణం కంటపడింది మాత్రం ఆ తర్వాత నాలుగేళ్ళకి, 1983లో, సెర్న్‌లోనే.

ఇక్కడ చరిత్రకారులకి పెద్ద వాదన ఉంది. ఆండ్రూ పికరింగ్ 1984లో రాసిన కన్‌స్ట్రక్టింగ్ క్వార్క్స్ అనే పుస్తకంలో ఈ ఘట్టాన్ని పట్టుకుని, శాస్త్రవేత్తలు తమకి నచ్చిన సిద్ధాంతానికి అనుకూలంగా ఉన్న ప్రయోగాన్ని ఎంచుకున్నారనీ, ఆక్స్‌ఫర్డ్, సియాటిల్ ఫలితాలు తప్పని రుజువయ్యాక పక్కన పెట్టినవి కావనీ వాదించాడు. అలన్ ఫ్రాంక్లిన్ దానికి ఎదురు చెప్పాడు. బిస్మత్ కొలతల్లో లోపాలకి తావు ఎక్కువ, స్టాన్‌ఫర్డ్ వాళ్ళు అలాంటి అనుమానాలని ఒక్కొక్కటిగా పరీక్షించి తోసేశారు, కాబట్టి దాన్ని నమ్మడం సబబే అన్నాడు. నా మటుకు ఫ్రాంక్లిన్ వైపే మొగ్గు. కానీ పికరింగ్ అడిగిన ప్రశ్నలో పస లేదనను. 1978లో నిలబడి చూస్తే, సైబీరియా ఫలితాన్ని నమ్మడానికి ఉన్న పెద్ద కారణం అది స్టాన్‌ఫర్డ్‌తో కలవడమే. ఒంటరిగా ఉండి ఉంటే ఎన్నేళ్ళు పక్కన పడి ఉండేదో ఎవరు చెప్పగలరు?

ఇంతకీ ఆక్స్‌ఫర్డ్, సియాటిల్ వాళ్ళకి సున్నా ఎందుకొచ్చింది? ఇది నాకు చాలా ఆసక్తిగా అనిపించిన భాగం. సగం తప్పు ప్రయోగంలో ఉంది, సగం లెక్కలో ఉంది. బిస్మత్‌కి బయటి p ఉపపొరలో మూడు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతాయి. అలాంటి పరమాణువులో జెడ్ బలం ఎంత మెలిక పెడుతుందో కచ్చితంగా లెక్కకట్టడం తలకి మించిన పని. మొదట వేసిన అంచనాలు పెద్దవి, తర్వాత లెక్కలు మెరుగుపడేకొద్దీ ఆ అంకె తగ్గుతూ వచ్చింది. మరోవైపు ల్యాబుల్లో లోపాలు ఒక్కొక్కటే బయటపడి, కొలిచిన విలువ సున్నా నుంచి పైకి వచ్చింది. రెండూ మధ్యలో కలుసుకున్నాయి. సియాటిల్ బృందం 1981లో బిస్మత్‌లో భ్రమణం ఉందని తామే వేసింది. ఆ రెండు చోట్లా పని ఆపేయలేదు, ఆ తర్వాత పదిహేనేళ్ళు బిస్మత్, సీసం, థాలియం పట్టుకుని కొలుస్తూనే ఉన్నారు. 1990ల్లో ఒక శాతం కచ్చితత్వానికి చేర్చారు. తమ సున్నాని తామే సరిదిద్దుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో ఈ ముక్క ఉండదు.

మధ్యలో బర్కిలీలో యూజీన్ కమిన్స్ బృందం 1979లో థాలియంలో పారిటీ ఉల్లంఘన తొలి సూచన చూపించింది. ఆ పత్రం మీద పేరున్నవాళ్ళలో ఒకరు స్టీవెన్ చు, తర్వాత 1997లో నోబెల్ తెచ్చుకుని, అమెరికా ఇంధన శాఖ మంత్రి కూడా అయ్యాడు.

ఇప్పుడు సీజియం దగ్గరికి రావాలి. బూషియాలు బిస్మత్ జోలికి పోకుండా దాన్నే ఎందుకు పట్టుకున్నారో బిస్మత్ గొడవ చూశాక అర్థమవుతుంది. సీజియం తేలికది, ప్రభావం తక్కువ, అది నిజమే. కానీ దానికి బయటి పొరలో ఒక్కటే ఎలక్ట్రాన్. లెక్క శుభ్రంగా కట్టొచ్చు. కొలిచింది సిద్ధాంతంతో పోల్చాలంటే రెండువైపులా గట్టిగా ఉండాలి కదా. ఎనిమిదేళ్ళ ఓపిక తర్వాత 1982లో పారిస్ నుంచి సీజియం ఫలితం వచ్చింది, సిద్ధాంతం చెప్పినట్టే ఉంది. అన్నట్టు ఈ సీజియమే మన గడియారానికీ ఆధారం. 1967 నుంచి ఒక సెకను అంటే సీజియం-133 పరమాణువు ఇచ్చే ఒక తరంగం 9,192,631,770 సార్లు ఊగే సమయం. ఫోనులో టైము దానంతటదే సరిగ్గా ఉండటం వెనక ఉన్నదీ ఇలాంటి గడియారాలే.

పారిస్ వేసిన దారిలో కార్ల్ వీమన్ చాలా దూరం నడిచాడు. అమెరికాలో బౌల్డర్ పట్టణం, కొలరాడో విశ్వవిద్యాలయం. సీజియం పరమాణువుల సన్నని ధార మీద 540 నానోమీటర్ల పచ్చని కాంతి వేస్తారు. దాన్ని మింగి పరమాణువు పై మెట్టుకి దూకడం మామూలుగా నిషిద్ధం. విద్యుత్ క్షేత్రం పెడితే కొంచెం దారి తెరుచుకుంటుంది, బలహీన బలం వల్ల ఇంకొంచెం తెరుచుకుంటుంది. రెండు దారులూ ఒకదానితో ఒకటి కలిసి కాస్త పెరగడమో తగ్గడమో జరుగుతుంది. క్షేత్రాన్ని తిప్పుతారు, అయస్కాంతాన్ని తిప్పుతారు, కాంతి మెలికని తిప్పుతారు. ఒక్కో తిప్పుడూ అద్దం పెట్టినట్టే. అన్ని తిప్పుళ్ళకీ సరిగ్గా గుర్తు మారే సంకేతాన్ని మాత్రమే నిజమని లెక్కేస్తారు. 1985లో ఒక కొలత, 1988లో దానికంటే మంచిది, 1997లో 0.35 శాతం కచ్చితత్వంతో ఇంకోటి. ఆ చివరి కొలతలో సీజియం కేంద్రకం లోపల అనాపోల్ అనే వంకర క్షేత్రం కూడా మొదటిసారి కనపడింది. దాని గురించి 1950ల చివర్లోనే చెప్పినవాడు జెల్డోవిచే.

వీమన్‌కి 2001లో నోబెల్ వచ్చింది, కానీ దీనికి కాదు. పరమాణువులని అతి చల్లగా చేసి ఒకే స్థితిలోకి తెచ్చినందుకు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం కాలేజీల్లో భౌతికశాస్త్రం పిల్లలకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలన్న దాని మీద పనిచేశాడు. పారిటీ ప్రయోగానికి ఇవ్వనే లేదు. నా ఉద్దేశంలో ఇవ్వాల్సింది.

1997 కొలత వచ్చాక బంతి మళ్ళీ లెక్కలవాళ్ళ చేతిలో పడింది. 1999లో బెన్నెట్, వీమన్ కలిసి లెక్కల్లో అనిశ్చితిని తగ్గించి చూస్తే కొలతకీ సిద్ధాంతానికీ తేడా వచ్చింది. అది రెండున్నర సిగ్మా తేడా, అంటే కేవలం కాకతాళీయంగా అంత తేడా రావాలంటే వందలో ఒకసారి వస్తుంది. జెడ్ కాకుండా ఇంకో బరువైన కణం ఉందేమో అని పత్రాలు గుట్టలుగా వచ్చాయి. తర్వాత ఏళ్ళలో అప్పటిదాకా వదిలేసిన చిన్న చిన్న సవరణలు, ఎలక్ట్రాన్ల మధ్య అయస్కాంత తోపులాట లాంటివి, ఒక్కొక్కటే కలిపారు. తేడా కరిగిపోయింది. 2009 నాటి లెక్క ప్రకారం అంతా సరిపోయింది. 2012లో ఇంకో లెక్క కొంచెం తేడా ఉందంది, కానీ భయపడేంత కాదు. 2021లో అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన బిజయ కుమార్ సాహూ, భానుప్రతాప్ దాస్‌తోనూ జర్మనీలోని హ్యూబర్ట్ స్పీస్‌బెర్గర్‌తోనూ కలిసి, దాదాపు కొలతకి సమానమైన కచ్చితత్వంతో కొత్త లెక్క ఇచ్చాడు. దాని మీద ఆస్ట్రేలియా వాళ్ళు అభ్యంతరం రాశారు, వీళ్ళు జవాబిచ్చారు. కొలిమి, లేజర్ లేకుండా కంప్యూటర్, గణితంతో చేసే భాగం ఇది. మన దేశం నుంచి ఈ కథలోకి నేరుగా చేరిన ముక్క కూడా ఇదే.

ఇదంతా కొత్త కణం దొరకలేదన్న కబురే కదా, దీనికింత అవసరమా అని అడగొచ్చు. దొరకలేదని తేల్చడానికి కూడా కొలత కావాలి. జెడ్ లాంటి ఇంకో కణం ఉంటే అది ఇంత బరువు కంటే తక్కువ ఉండటానికి వీల్లేదు అని సీజియం ఒక గీత గీసింది. చాలా ఏళ్ళ పాటు ఆ గీత పెద్ద త్వరణులు గీసిన గీతతో పోటీపడింది. ఇప్పుడు సెర్న్ యంత్రం కొన్ని చోట్ల దాన్ని దాటింది, కొన్ని రకాల తేలిక కణాల విషయంలో పరమాణువే ముందుంది.

పరమాణువులో పారిటీ కొలతల్లో బౌల్డర్ 1997 ఫలితాన్ని కచ్చితత్వంలో దాటినది ఇప్పటికీ లేదు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో సీజియంనే మళ్ళీ పట్టుకున్నారు. బర్కిలీలో 2009లో యిట్టర్బియంలో సీజియం కంటే వంద రెట్లు పెద్ద ప్రభావం చూశారు. జర్మనీలో మైంజ్ నగరంలో 2019లో యిట్టర్బియం ఐసోటోపులు మార్చి చూస్తే, న్యూట్రాన్లు పెరిగేకొద్దీ ప్రభావం పెరుగుతోందని తేలింది, బూషియాలు 1974లో చెప్పినట్టే. కెనడాలో వాంకూవర్ దగ్గర ట్రయంఫ్ ల్యాబులో ఫ్రాన్షియం మీద పని నడుస్తోంది. ఆవర్తన పట్టికలో సీజియం కిందనే ఉంటుంది చూడండి, పరమాణు సంఖ్య 87, దానిలాగే బయట ఒక్కటే ఎలక్ట్రాన్, ప్రభావం మాత్రం సీజియం కంటే పద్దెనిమిది రెట్లు. చిక్కంతా ఏంటంటే అది రేడియోధార్మికం. అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచే ఐసోటోపు అర్ధాయువే 22 నిమిషాలు. కాబట్టి త్వరణితో తయారుచేసి, తయారైన చోటే లేజర్లతో గాల్లో పట్టి ఆపి, కరిగిపోయేలోపే కొలవాలి. పెద్ద యంత్రం, చిన్న బల్ల రెండూ అక్కడ ఒకే ల్యాబులో ఉన్నాయి.

ధ్రువిత కాంతి, ఫారడే భ్రమణం దగ్గర అర్థం కానివాళ్ళు కింద అడగండి, ఇంటర్ రెండో సంవత్సరం పాఠంతో కలిపి చెప్తాను. వు గురించిన పోస్టు సెలవుల్లో రాస్తాను.